పెద్ద లేని గుంపు: తేలినీలాపురం నుంచి కళింగపట్నం దాకా

పక్షుల గుంపునో చీమల బారునో చూసి ఇన్‌స్టలేషన్ (చోటంతా వాడుకుని కట్టే కళాకృతి) కట్టాలనుకునేవాళ్ళు చాలామంది ముందు గుంపు ఆకారాన్ని ఫొటో తీస్తారు. తర్వాత అదే ఆకారంలో తీగలకు బొమ్మలు వేలాడదీస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అది పందిట్లో తోరణం లాంటిదే. గాలి వీచినా ఆగినా ఒకటే రూపం. గుంపుని నడిపేది పక్కవాడు కదిలితే నేనేం చేయాలన్న చిన్న నియమం. దాన్ని దారంలోకి, బరువులోకి ఎక్కిస్తే ఆకారం దానంతటదే పుడుతుంది, దానంతటదే మారుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఆ నియమాల్ని దగ్గర నుంచి చూడొచ్చు. కట్టడానికి కావలసిన సరుకు కూడా ఆ దారిలోనే దొరుకుతుంది. సంక్రాంతి వెళ్ళాక బయల్దేరితే తేలినీలాపురంలో పక్షులు గూళ్ళ మీద ఉంటాయి, ఎండ ముదరదు, మధ్యాహ్నం సముద్రపు గాలి మరీ మొరటుగా ఉండదు.

ఈ దారి చివర కట్టేది 144 తాటాకు రెక్కల చట్రం. మోటారు లేదు, కరెంటు లేదు. ఒక మూల తగిలిన గాలి రెండో మూలకి అలగా పాకాలి. పని అంతా అదే.

మొదటి రోజు: తేలినీలాపురం

శ్రీకాకుళం నుంచి హైవే మీద టెక్కలి, అక్కడి నుంచి నౌపడ వైపు. ఎండ ఎక్కకముందే చేరాలి. పొద్దు పొడిచిన మొదటి రెండు గంటల్లో గూడబాతులు మేతకి పోతూ వస్తూ ఉంటాయి, తర్వాత చెట్ల మీద కునుకు తీస్తాయి. ఇక్కడ ప్రధానంగా రెండు జాతులు: గూడబాతు, అంటే మచ్చల ముక్కు పెలికాన్; ఎర్రకాళ్ళ కొంగ, అంటే పెయింటెడ్ స్టార్క్. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు, సైబీరియాలో ఉండవు. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి ఈ ప్రాంతంలోనే తిరుగుతాయి.

గుంపు మొత్తాన్ని ఒకేసారి చూస్తే ఏమీ తెలియదు. గూడబాతుల వరస తల మీదుగా పోతున్నప్పుడు నడిమి పక్షిని ఒకదాన్ని పట్టుకుని, దాన్నీ దాని ముందున్నదాన్నీ మాత్రమే చూడాలి. ముందున్నది రెక్కలు కొడుతుంది, కాసేపు ఆపి జారుతుంది. వెనకది కూడా అంతే, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం ఒకదాని నుంచి ఇంకోదానికి అందుతూ వరస చివరిదాకా పోతుంది. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి రాత్రి ఆపి ఆపి చూస్తే ఆ పాకుడు స్పష్టంగా కనబడుతుంది. వరసలో ఎగరడం ఊరికే కాదు. శిక్షణ ఇచ్చిన తెల్ల పెలికాన్ల గుండె వేగం కొలిచి 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒంటరిగా ఎగిరేదానికంటే వరసలో ఎగిరేదానికి గుండె వేగం 11 నుంచి 14 శాతం తక్కువ. ముందు పక్షి రెక్క కొస నుంచి లేచే గాలిని వెనకది వాడుకుంటుంది.

గూళ్ళ దగ్గర ఇంకో నియమం కనబడుతుంది. చింతచెట్టు మీద గూళ్ళు ఇరుకుగానే ఉంటాయి, కానీ ఏ గూటిలో పక్షీ మెడ చాచి పక్క గూటి పక్షిని తేలిగ్గా పొడవలేదు. దూరాన్ని కొలిచేది ముక్కే. మన చట్రంలో రెక్కకీ రెక్కకీ దూరం ఎంతన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే తీరున దొరుకుతుంది: మామూలు గాలికి ఊగినా పక్కదాన్ని కొట్టుకోకూడదు, కానీ దాని ఊపు తెలియనంత దూరమూ పోకూడదు. అది 18 సెంటీమీటర్లు.

క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు 1986లో తెర మీద పక్షుల గుంపుని ఎగరేశాడు, 1987లో ఆ పద్ధతిని ప్రచురించాడు. ఒక్కో పక్షికీ మూడే ఆజ్ఞలు: పక్కవాటిని గుద్దుకోకు, అవి పోయే దిక్కుకే పో, వాటి నడుమనే ఉండు. గుంపు ఎటు పోవాలో ఎక్కడా రాయలేదు. తర్వాత రోమ్ నగరం మీద ఎగిరే స్టార్లింగ్‌లని (మన గోరువంకల కుటుంబమే) ఫొటోలతో కొలిచిన ఇటలీ శాస్త్రవేత్తలు 2008లో ఇంకో సంగతి తేల్చారు. ఒక్కో పక్షి పట్టించుకునేది దగ్గరున్న ఆరేడింటినే, అవి ఎంత దూరంలో ఉన్నా సరే. అందుకే గుంపు సాగినా కుంచించుకున్నా తెగిపోదు. మన చట్రంలో ఒక్కో రెక్కకి నాలుగు పక్కలు ఇస్తున్నాం. ఆరు ఇవ్వాలంటే తేనెపట్టు గళ్ళలాగా కట్టాలి. అందం పెరుగుతుంది గానీ చిక్కుముడులూ అంతే పెరుగుతాయి. మొదటిసారి కట్టేవాళ్ళకి నాలుగే మేలు.

ఇక్కడ చేయకూడని పనులు కూడా ఉన్నాయి. డ్రోన్ ఎగరేయొద్దు. పెద్ద పక్షులు ఒక్కసారి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి. చప్పట్లు కొట్టి లేపి వీడియో తీయడమూ అంతే. వాచ్ టవర్ మీద నుంచి బైనాక్యులర్, ట్రైపాడ్ ఉంటే పని జరిగిపోతుంది. ఇంకో మాట: జూలై నుంచి నవంబరు మధ్య వచ్చేవాళ్ళు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి పోవాలి, అక్కడ ఆ కాలంలో నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి.

సాయంత్రం నౌపడ ఉప్పుమళ్ళ గట్ల మీద చిన్న పిట్టలు గుంపుగా లేచి వాలుతుంటాయి. చూసి ముందుకు పోవడమే.

రెండో రోజు: ఉద్దానం జీడితోటలు

పలాస దాటి వజ్రపుకొత్తూరు, మందస వైపు తిరిగితే జీడి, కొబ్బరి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని పడగొట్టింది, అందుకే చాలాచోట్ల కొబ్బరి ఇంకా లేతగా కనబడుతుంది. మనకు కావలసింది జీడి కొమ్మల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు. ఇవి జీడి పూతని పాడుచేసే టీ దోమని పట్టి తింటాయి, కనుక తోటకి మేలే. కాయలు ఏరేవాళ్ళకి మాత్రం కుడతాయి. తోటవాళ్ళని అడిగి, చేతులు నిండుగా కప్పుకుని, కొమ్మ కింద కాకుండా పక్కన నిలబడాలి. గూడు చీల్చొద్దు. కడుతున్న గూడు దొరికితే గంటసేపు కదలకండి.

చూడాల్సింది ఇది. రెండు ఆకుల మధ్య సందు చీమ పొడవుకంటే తక్కువైతే ఒక చీమ వెనక కాళ్ళతో ఒక ఆకు అంచుని, దవడలతో రెండో ఆకు అంచుని పట్టి లాగుతుంది. సందు ఎక్కువైతే ఒకదాని నడుము ఇంకోటి పట్టుకుని గొలుసు కడతాయి. మొదట్లో ఒక్కొక్కటీ వేర్వేరు చోట్ల లాగి చూస్తుంది. ఎక్కడ అంచు కాస్త వంగిందో అక్కడికి పక్కవి వచ్చి చేరతాయి, వంగని చోటు వదిలేస్తాయి. పది నిమిషాల్లో అన్నీ ఒకే అంచు మీద ఉంటాయి. అంచులు కలిశాక కొన్ని చీమలు తమ పిల్ల పురుగుల్ని దవడలతో పట్టుకొస్తాయి. ఆ పురుగు నోటి నుంచి వచ్చే పట్టుదారాన్ని ఈ అంచుకీ ఆ అంచుకీ మార్చి మార్చి తాకిస్తే కుట్టు పడుతుంది. మగ్గం మీద నాడె ఆడినట్టే. ఎక్కడా మేస్త్రీ లేడు. జరిగిన పనే తర్వాతి పనిని పిలుస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ పాల్ గ్రాసే 1959లో చెదపురుగుల పుట్టల గురించి చెప్పిన స్టిగ్మర్జీ అన్న ఊహ ఇదే.

తోటలోనే దీన్ని చేతులతో పరీక్షించొచ్చు. రెండు చెట్ల మధ్య పాత వల ముక్క కట్టండి, మూడు మీటర్లు ఉంటే చాలు. కొబ్బరాకు చీలికలు రెండొందలు కోసి నలుగురైదుగురికి పంచండి. బొమ్మ గీసి చూపించొద్దు, ఇలా చెప్పండి: ఇప్పటికే ఒక చీలిక ఉన్నచోటికి జానెడు లోపల కట్టు, ఆ జానెడులో మూడు ఉంటే అక్కడ కట్టకు, చోటు దొరక్కపోతే ఎక్కడో ఒకచోట కట్టేసి పక్కకి జరుగు. కాసేపటికి వల మీద కొమ్మలూ సందులూ ఉన్న అల్లిక పుడుతుంది, ఎవరూ అనుకోనిది. రెండో నియమం తీసేస్తే అంతా ఒకే ముద్ద అవుతుంది. జానెడు బదులు మూరెడు అంటే వల అంతా పలచగా చల్లినట్టు ఉంటుంది. ఇక ఎవరో ఒకరు వెనక్కి నిలబడి "అటు కట్టండి, ఇటు కట్టండి" అనడం మొదలుపెడితే వరసలు పడిపోతాయి. ఆ ఒక్కరిని ఆపడమే ఇందులో అన్నిటికంటే కష్టం. బడిపిల్లలైతే నియమం బాగా పాటిస్తారు, పెద్దవాళ్ళే దిద్దబోతారు.

తిరుగుదారిలో తాటిచెట్లకి నిరుటి గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. సొరంగం లేకుండా హెల్మెట్ ఆకారంలో ఆగిపోయినవి కూడా అక్కడక్కడ ఉంటాయి. మగపిట్ట అంతవరకు కట్టి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తిచేస్తుంది. కింద పడిన గూడు దొరికితే ముడులు విప్పి చూడండి, పోచ కొసని ఎన్నిసార్లు వెనక్కి దూర్చిందో తెలుస్తుంది.

తాటాకు ఇక్కడే తీసుకోవాలి. బుట్టలు అల్లేవాళ్ళ దగ్గర నీడన ఆరబెట్టిన మొవ్వాకు ఉంటుంది. లెక్కకి ఒకటే సరిపోతుంది, చీలికలు పోతాయి కాబట్టి రెండు తీసుకోండి. ముదురాకు వద్దు, మడిస్తే పగులుతుంది. ఒక కొబ్బరి చీపురు కూడా కొనండి, ఈనెలు కావాలి.

మూడో రోజు: బుడితి, పొందూరు

నరసన్నపేట నుంచి సారవకోట వైపు వెళ్తే బుడితి. కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు, దాని పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక్కడ చేయించాల్సినవి రెక్కల కింద బరువుగా కట్టే చిన్న ఇత్తడి బిళ్ళలు: మూడు సెంటీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ మందం, ఒక అంచున చిల్లు. ఒక్కోటి 11 గ్రాముల దాకా తూగుతుంది. 160 చెప్పండి, మొత్తం రెండు కిలోల లోపే. ఇలాంటి చిల్లర పనికి కొలిమి వెలిగించరు, కాబట్టి రెండు మూడు వారాల ముందే మాట్లాడుకుని ఈ రోజు తీసుకునేట్టు చూసుకోవాలి. పోత పోసిన బిళ్ళల బరువు ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. అది తప్పేమీ కాదు, వేరుచేసి వాడుకోవాలి, ఆ సంగతి రేపు.

అక్కడి నుంచి పొందూరు. చిలకపాలెం మీదుగా రోడ్డు, లేదంటే రైలు స్టేషన్ ఊళ్ళోనే ఉంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూడండి. పంటి వరస సన్నగా, వంపుగా ఉండి పోగుల్ని తెంపకుండా ఒకే దిక్కుకి పడుకోబెడుతుంది. ఆ దువ్వుడు వల్లే ఇక్కడ 100 కౌంటు (నూలు సన్నదనపు కొలత, అంకె పెరిగితే పోగు సన్నబడుతుంది) నూలు చేత్తో వడకడం సాధ్యమైంది. బట్ట కొనడం తేలిక, విడి నూలు కావాలంటే ముందే అడగాలి.

100 కౌంటు అంటే గ్రాముకి దాదాపు 169 మీటర్లు. మన చట్రానికి ఆరు పోగులు కలిపి పేనిన దారం సుమారు 250 మీటర్లు పడుతుంది. వేలాడదీయడానికి 173, రెక్కకీ రెక్కకీ మధ్య కట్టే లంకెలకి 78. అంటే ఒంటి పోగు 1,500 మీటర్లు. తూకం వేస్తే తొమ్మిది గ్రాములు! తెగినవీ చిక్కుపడినవీ పోను 20 గ్రాములు దగ్గర ఉంటే నిశ్చింత. నైలాన్ దారం ఎందుకు కాదని అడిగేవాళ్ళుంటారు. కండె మీద చుట్టిన వంపు దానికి పోదు, లంకె వేలాడకుండా స్ప్రింగులా నిక్కుతుంది. తెగి ఇసకలో పడితే పిట్టల కాళ్ళకీ తాబేళ్ళకీ ఉరి.

ఈ దారుల్లో వంతెనల అడుగునా, నీళ్ళ ట్యాంకుల కిందా, ఎత్తైన బూరుగు కొమ్మలకీ పెద్ద తేనెపట్లు ఉంటాయి. ఎక్కడున్నాయో ఊరివాళ్ళనే అడగండి. కనీసం యాభై మీటర్ల దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడండి. కందిరీగ దగ్గరికొస్తే పట్టు మీది ఈగలు ఒకదాని తర్వాత ఒకటి పొట్ట పైకి లేపుతాయి. పట్టంతా అల తిరిగినట్టు మెరుస్తుంది, సెకను లోపే అయిపోతుంది. ఆ మెరుపు చూసి కందిరీగ వెనక్కి తగ్గుతుందని 2008లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. మన తాటాకు చట్రానికి అసలు నమూనా ఇదే. లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానంలో వుల్ఫ్‌గాంగ్ బట్రెస్ అనే కళాకారుడు కట్టిన 'హైవ్' కూడా తేనెపట్టు నుంచి పుట్టిందే: 17 మీటర్ల ఎత్తు, లక్షా డెబ్భై వేల అల్యూమినియం ముక్కలు, వెయ్యి దీపాలు. ముక్కల లెక్క చూసి జనం నోరెళ్ళబెడతారు. దాని అసలు బలం దీపాలు నిజమైన పట్టులోని ఈగల కదలికలకి స్పందించడంలో ఉంది. పట్టుతో ఆ లంకె తెంచేస్తే మిగిలేది పెద్ద పంజరం. మన దగ్గర శిల్పి రంజని శెట్టర్ తేనెమైనం ఉండలనీ దారాన్నీ కలిపి గదంతా పరిచినట్టు కట్టిన పని కూడా తెలుసుకోదగ్గది. తక్కువ బరువుతో ఎంత చోటు నింపొచ్చో దానిలో కనబడుతుంది.

నాలుగో రోజు: శ్రీకాకుళంలో బల్ల పని

ఈ రోజు ప్రయాణం లేదు. గాలి రాని గది, పెద్ద బల్ల, గ్రాము తూకం, నలుగురు మనుషులు కావాలి. గజ్జెలు ఊళ్ళోనే కొనుక్కోవచ్చు. ఒక్కోటి రెండు గ్రాములుండేవి ముప్పై డజన్లు, వాడేవి 312.

ముందు జిగురు. చింతగింజల పొడి వంద గ్రాములు, నీళ్ళు లీటరు, ఉండ కట్టకుండా కలిపి సన్నసెగ మీద ఇరవై నిమిషాలు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. అది విషం, వంట గిన్నె వాడొద్దు. తాటాకుని ఈనె దగ్గర రెండుగా చీల్చి 18 సెంటీమీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు ముక్కలు 288 కోయాలి. రెండేసి ముక్కల్ని లోపలి వైపులు ఎదురెదురుగా అతికించి బరువు కింద పెట్టాలి. ఒంటి ఆకుతో పోనిస్తే సముద్రం దగ్గర రెక్క గొట్టంలా చుట్టుకుంటుంది. ఆకు రెండు ముఖాలూ తేమని ఒకేలా పీల్చవు, ఒకటి ఉబ్బి రెండోది ఉబ్బకపోతే వంగక తప్పదు. ఎదురెదురుగా అతికిస్తే ఒకదాని వంపు ఇంకోటి సరిచేస్తుంది.

చిల్లు పొడిచి దారం కట్టొద్దు. తాటాకు నార నిలువుగా ఉంటుంది, దారం లాగగానే చిల్లు చీలికైపోతుంది. పై అంచుని ఒకటిన్నర సెంటీమీటరు మడిచి, మడతలో ఆరు సెంటీమీటర్ల కొబ్బరి ఈనె పెట్టి అతికించాలి. ఈనె రెండు కొసలూ బయటికి పొడుచుకొస్తాయి, దారాలు వాటికి కడతాం. కింద అంచు కూడా అంతే, అక్కడ బిళ్ళ బిగుతుగా కట్టాలి. చేతికొచ్చే రెక్క 15 సెంటీమీటర్లు, బిళ్ళతో కలిపి 15 గ్రాములు.

ఒక్కో రెక్కకి రెండు దారాలు ఎందుకంటే, ఒక్క దారానికి వేలాడేది బొంగరంలా తిరిగి గాలికి అంచు చూపిస్తుంది, ఇక ఊగదు. రెండు దారాలుంటే ముఖం సముద్రం వైపే ఉంటుంది.

బిళ్ళల బరువు, దారం పొడవు, ఈ రెండింట్లో దేని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలంటే పొడవు మీదే. లోలకం ఊగే కాలం బరువుని బట్టి మారదు, పొడవుని బట్టి మారుతుంది. పై ముడి నుంచి బరువు దాకా 60 సెంటీమీటర్లైతే ఒక ఊపుకి ఒకటిన్నర సెకన్ల పైచిలుకు. ఒక సెంటీమీటరు తేడా వస్తే కాలంలో వందకి ఒక వంతు కన్నా కాస్త తక్కువ తేడా వస్తుంది, అరవై ఊపులకి సగం ఊపు వెనకబడుతుంది. పక్క లంకెలు ఆ మాత్రం తేడాని సర్దుకుంటాయి. మూడు సెంటీమీటర్ల తేడా ఉన్న రెక్క మాత్రం గుంపులో కలవదు, చట్రంలో అదొక్కటే వేరుగా కొట్టుకుంటూ కనబడుతుంది. బరువు తేడా ఇంకో రకంగా బయటపడుతుంది. తేలికది గాలికి ఎక్కువ లేస్తుంది. అందుకే బిళ్ళల్ని తూచి మూడు కుప్పలు చేసి, బరువైనవి సముద్రం వైపు వరసలకి, తేలికవి వెనక వరసలకి ఇవ్వాలి. గాలి ముందు వరసల్లో కొంత శక్తి పోగొట్టుకుని వెనక్కి వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

ఇక లంకెలు. చట్రానికి ప్రాణం ఇవే. రెక్కకీ రెక్కకీ మధ్య 18 సెంటీమీటర్లు, లంకె పొడవు 19, సరిగ్గా నడుమ ఒక గజ్జె. గజ్జె బరువుకి దారం మూడు సెంటీమీటర్లు కిందికి దిగి చదునైన వి ఆకారంలో ఉంటుంది. ఒక రెక్క దూరం జరిగితే గజ్జె పైకి లేస్తుంది, లేచిన గజ్జె పక్క రెక్కని లాగుతుంది. ఇదీ మన నియమం. గజ్జె లేని ఉత్త దారం బిగిసేదాకా ఏమీ చేయదు, బిగిశాక ఒక్కసారి గుంజుతుంది.

పలక మీద రెండు మేకులు 19 సెంటీమీటర్ల దూరాన కొట్టి, వాటి మీదే ప్రతి లంకె ముడులూ వేయండి. చేతి కొలతతో వేస్తే సాయంత్రానికి లంకెలు పొట్టివైపోతాయి, అలసిన చేయి బిగించి ముడి వేస్తుంది. గజ్జె చెవిలోంచి దారం రెండుసార్లు తిప్పండి, లేకపోతే అది ఒక పక్కకి జారి ఒక రెక్కనే లాగుతూ ఉంటుంది. దారమంతా ముందే తేనెమైనంతో రుద్దాలి, యాభై గ్రాములు సరిపోతుంది. మైనం పట్టని నూలు తడిస్తే ముడుచుకుంటుంది, లంకెలు బిగిసిపోతాయి.

పన్నెండు వరసలు, వరసకి పన్నెండు రెక్కలు. అడ్డం లంకెలు 132, నిలువు 132, అంచు లంకెలు 48.

అయిదో రోజు: కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసే చోటు. నేరుగా ఇసక మీద కట్టొద్దు, వెనక సరుగుడు తోట నీడ వెతకండి. కారణం లెక్కలోనే ఉంది. మన రెక్కకి సెకనుకి మూడు మీటర్ల గాలి తగిలితే 13 డిగ్రీల దాకా వాలుతుంది, చూడ్డానికి అదే బాగుంటుంది. అయిదు మీటర్ల గాలికి వాలు ముప్పై దాటుతుంది, లంకెలు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడతాయి. సరుగుడు చెట్లు గాలిని ఆపవు, పిండి పలచన చేస్తాయి. స్థలానికి పంచాయతీతో, తోట అటవీ శాఖదైతే వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి.

చీకటి పడ్డాక దీపాలు పెట్టే ఆలోచన ఉంటే ఇక్కడ మానుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. గుంపులు గుంపులుగా వచ్చేది ఇచ్ఛాపురం అవతల, ఒడిశాలోని రుషికుల్య దగ్గర. మన తీరానికి విడివిడిగా వస్తాయి. గూటిలోంచి పిల్లలు కలిసి ఇసక తవ్వుకుని ఒకేసారి పైకొచ్చి, వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు నడుస్తాయి. దీపం పెడితే సముద్రానికి వీపు తిప్పి ఊళ్ళోకి పోతాయి. స్టూడియో డ్రిఫ్ట్ బృందం 2017లో మయామీ సముద్రతీరంలో స్టార్లింగ్‌ల నియమంతో 300 డ్రోన్ దీపాల్ని ఎగరేసింది, గొప్ప పనే. ఈ కాలంలో ఈ తీరానికి మాత్రం అది కుదరదు.

చట్రం 2.4 మీటర్ల చదరం. చుట్టూ బొంగు వెదురు, మధ్యన పన్నెండు బద్దలు, నేల నుంచి 2.2 మీటర్ల ఎత్తున నాలుగు గుంజల మీద. రెక్కలు కళ్ళ ఎత్తుకి వస్తాయి. పని ఉదయమే, గాలి లేనప్పుడు మొదలుపెట్టాలి. ముందు రెక్కలన్నీ కట్టి, ఒక వరస కళ్ళతో గురిచూసి పొడవులు సరిచేసి, అప్పుడు లంకెలు నడిమి నుంచి అంచులకి కట్టుకుంటూ రావాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే కట్టని వైపు లాగుడు లేదు కాబట్టి రెక్కలన్నీ కట్టిన వైపుకి వాలిపోతాయి, కొలత తప్పుతుంది.

అంచు దగ్గర అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రెండు గ్రాముల గజ్జె ఒక్కో పక్కకి సుమారు మూడు గ్రాముల బరువంత లాగుతుంది. నడిమి రెక్కని అన్ని పక్కలా సమానంగా లాగుతారు కనుక నిలువుగా ఉంటుంది. అంచు రెక్కకి బయట వైపు ఎవరూ లేరు, అది లోపలికి ఒరుగుతుంది, దాని వెనకది కూడా, చివరికి చట్రం నడుము బిగించినట్టు కుంచించుకుపోతుంది. ప్రకృతిలో గుంపు అంచున ఉన్నవి లోపలికి తోసుకురావడానికి కారణం వేరు. బయట ఉన్నదాన్నే వేటగాడు ముందు పడతాడని జీవశాస్త్రవేత్త డబ్ల్యు.డి. హామిల్టన్ 1971లో వివరించాడు. మన దగ్గర విరుగుడు తేలిక. రెక్కల పై అంచు ఎత్తున, బయటికి 18 సెంటీమీటర్ల దూరాన, గుంజల చుట్టూ ఒక బిగుతైన తాడు కట్టి, 48 అంచు లంకెలూ దానికి కట్టాలి.

పన్నెండు దాటాక గాలి మళ్ళి సముద్రం వైపు నుంచి వీస్తుంది. దానికి ముందే చేత్తో పరీక్ష: ముందు వరస నడిమి రెక్కని వేలితో లోపలికి నెట్టి వదలండి. అల వెనక వరసకి ఒక సెకను కన్నా కాస్త ఎక్కువలో చేరాలి. కళ్ళు మూసుకుని వింటే ఇంకా బాగా తెలుస్తుంది, గజ్జెల చప్పుడు ముందు నుంచి వెనక్కి నడుస్తుంది.

చప్పుడు అన్ని వైపులా ఒకేసారి వస్తే రెండు కారణాలుంటాయి. లంకెలు బిగిశాయేమో చూడండి. పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లకి తగ్గితే, రెక్క అంతే దూరం జరిగినా లాగుడులో వచ్చే పెరుగుదల మూడింతలకి దగ్గర పడుతుంది, చట్రమంతా ఒక్క దుప్పటిలా ఊగుతుంది. లంకెలు బాగుంటే తప్పు వెదురుది. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగన్స్ 1665లో ఒకే దూలానికి వేలాడిన రెండు గడియారాల లోలకాలు ఒకదానికొకటి లయ కలుపుకోవడం గమనించాడు. సంకేతం దూలంలోంచి పోతోంది. మన దగ్గరా చట్రం ఊగితే పక్కదాని మాట వినాల్సిన రెక్కలు చట్రం మాట వింటాయి. మూలల నుంచి మూలలకి రెండు వెదుళ్ళు అడ్డంగా బిగించి, గుంజల్ని తాళ్ళతో నేలకి లాగి కట్టాలి. గుంజకి చేయి ఆనించినప్పుడు వణుకు తెలియకూడదు.

అల మూడు నాలుగు వరసల్లోనే చచ్చిపోతే లంకె వదులు. 20 సెంటీమీటర్లైతే అల దాదాపు రెండు సెకన్లు తీసుకుంటుంది, ఆ నెమ్మది కొందరికి నచ్చుతుంది కూడా. అంతకంటే వదులైతే గజ్జె ఇంకోటి జత చేయాలి. అల వెనక అంచుకి కొట్టుకుని తిరిగొచ్చి కొత్త అలతో కలిసి గందరగోళమైతే, చుట్టూ ఉన్న 44 రెక్కలకి ఇంకో తాటాకు చీలిక అడ్డంగా కట్టండి. వెడల్పు పెరిగితే గాలి ఆపుతుంది, తిరుగు అల అక్కడే అణిగిపోతుంది.

అడ్డంగా అల సరిగ్గా పాకదు, లాగుడు ఆ దిక్కున బలహీనం. అది లోపమనుకోనవసరం లేదు. గాలి తెర ఒక పక్క ముందు, ఒక పక్క వెనక తగిలినప్పుడు అల వంకరగా పోయేది అందుకే.

మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చూడదగ్గ సమయం. జనం లోపల దూరకుండా చుట్టూ రెండడుగుల దూరాన తాడు కట్టండి. పిల్లలు రెక్క పట్టుకుని లాగుతారు, లాగనివ్వండి, ముందు వరస మాత్రమే. లాగిన రెక్క ఆగిపోయినా వెనక్కి పోయిన అల పోతూనే ఉండడం చూశాక వాళ్ళే ఇంకోటి ముట్టుకోకుండా ఎదురుచూస్తారు.

ఆరో రోజు: విప్పడం

రాత్రి మంచుకి దారాలు ఎంత మైనం పట్టించినా కొంత బిగుస్తాయి. పొద్దున్నే ముట్టుకోవద్దు, ఎండ తగిలి పది దాటాక వాటంతటవే జారతాయి. బిగుసుకున్నప్పుడు విప్పబోతే ఈనెలు విరుగుతాయి. ఒకటి రెండు విరిగినా దిగులు లేదు, చీపురులో ఇంకా మిగిలే ఉంటాయి.

ముందు అంచు లంకెలు కోయండి. తర్వాత చట్రాన్ని నలుగురు పట్టుకుని నిలువుగా దించాలి, కింద పాత దుప్పటి పరిచి ఉంచాలి. బిళ్ళలు దుప్పటి మీద వాలాక రెక్కలన్నీ ఒకే వైపుకి పడుకునేట్టు చట్రాన్ని నెమ్మదిగా ముందుకి జరపండి. వరసకీ వరసకీ మధ్య పాత పేపరు దూర్చి, బద్దల్ని చట్రం నుంచి విప్పి, బద్దతో సహా చాపలా చుట్టేయండి. వెదురు అక్కడే తోటవాళ్ళకి ఇచ్చేస్తే మోత తగ్గుతుంది. బిళ్ళల మీద ఉప్పు పేరుకుంటే చింతపండు రసంతో తోమి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే మూట కట్టాలి. తడి మీద చుడితే తాటాకుకి రెండు రోజుల్లో బూజు పడుతుంది. ఇసకలో గజ్జెలు రాలి ఉంటాయి, లెక్క చూసుకుని ఏరుకుని మరీ కదలాలి.